మినాక్సిడిల్ ఆపి రెండేళ్లు దాటింది: గడ్డం ఎంత నిలిచింది

వెంట్రుకలు పెరగడానికి రాసే మందు మినాక్సిడిల్ 5 శాతం లోషన్ గడ్డానికి రాయడం మానేసి రెండేళ్లు దాటింది. వచ్చిన గడ్డంలో ముప్పాతిక వంతు ఇంకా ఉంది. రాస్తే వస్తుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆపాక ఏమవుతుందో చెప్పేవాళ్లే తక్కువ, నేను వెతికినప్పుడు నాకు దొరకలేదు.

నేను రెండుసార్లు ఆపాను. మొదటిసారి మొత్తం పోయింది.

2021 ఆగస్టులో మొదలుపెట్టాను. అప్పటికి నాకు 24 ఏళ్లు. మీసం ఉంది, బుగ్గలు ఖాళీ. పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా రాస్తే 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెలకు వచ్చేది. మూడో నెలకే బుగ్గల నిండా నూగు. నల్లబడుతోంది కదా, ఇక చాలనుకుని డిసెంబరులో మానేశాను. నెలన్నర దాకా ఏ తేడా లేదు. ఆ తర్వాత పొద్దున మొహం కడిగి తుడుచుకుంటే తువ్వాలుకు సన్నటి వెంట్రుకలు అంటుకునేవి. ఉగాది నాటికి బుగ్గలు మళ్లీ ఖాళీ. చాలా బాధపడ్డాను.

అప్పుడు నెల్లూరు పొగతోటలో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. "నాటిన వారానికే నీళ్లు ఆపేస్తే పైరు నిలుస్తుందా నాయనా?" అన్నారామె. నూగు ముదిరి నల్లటి, లావాటి వెంట్రుక అయ్యేదాకా మందు కావాలి, ముదిరాక దాన్ని ఒంట్లోని మగ హార్మోనే కాపాడుతుంది అని వివరంగా చెప్పారు. తల సంగతి దీనికి తలకిందులు. బట్టతల వచ్చేవాళ్లకు అదే హార్మోను తలవెంట్రుకను సన్నబరుస్తుంది, అందుకే మందు ఆపితే జుట్టు రాలిపోతుంది. మా అన్నకు అలాగే అయింది, ఆపిన నాలుగు నెలలకు పాత తలే. తలకు జరిగింది చూసి గడ్డం కూడా పోతుందని భయపడేవాళ్లు ఈ తేడా గమనించాలి.

రెండోసారి పద్దెనిమిది నెలలు రాశాను. ముదిరిందని నాకు తెలిసింది అద్దంలో కాదు, దర్గామిట్ట సెలూన్లో. మొదట్లో కత్తి బుగ్గ మీద చప్పుడు లేకుండా జారిపోయేది. ఏడాది దాటాక ఒకరోజు సెలూన్ అన్న చెయ్యి ఆపి, "విన్నావా, ఇప్పుడు చరచరమంటోంది" అన్నాడు. కణతల నుంచి దవడ దాకా ఆ చప్పుడు వచ్చింది. చెంప ఎముక పక్కన మాత్రం రాలేదు. 2023 అక్టోబరులో ఆపాక రాలింది సరిగ్గా ఆ చప్పుడు రాని చోటే. రాలడం మూడో నెలలో ఎక్కువై, ఆరో నెలకు ఆగింది. ఆ టెన్షన్లో బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కూడా వేసుకున్నాను. నాకు వాటివల్ల ఏ లాభమూ కనిపించలేదు.

2024లో మేనల్లుడి పుట్టువెంట్రుకలకు తిరుమల వెళ్లాం. కల్యాణకట్టలో నేనూ గుండు చేయించుకుని గడ్డం తీయించాను. మళ్లీ వస్తుందా రాదా అని గుండెలు పీచుపీచుమన్నాయి. మూడు వారాలకు అదే హద్దుల్లో, అంతే ఒత్తుగా వచ్చింది. ఆరోజు నుంచి నాకు భయం పోయింది.

ఇబ్బందులు చెప్పకపోతే తప్పవుతుంది. ఇది మొదట బీపీకి మాత్రగా వచ్చిన మందు. నాకు రెండో వారంలో గుండె దడ వచ్చింది, డాక్టరుకు చెప్పి ఒక పూటకు తగ్గించాను. గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా ముట్టుకోవద్దు. గడ్డానికి దీన్ని ఆమోదించలేదని, ఆమోదం తలకేనని కూడా ఆమె ముందే చెప్పారు. లోషన్లో మందును కరిగించడానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల నా బుగ్గలు ఎండి పొట్టు రాలేవి, అది లేని ఫోమ్‌కు మారాక తగ్గింది. ఎండాకాలం మన చెమటకు లోషన్ మెడ మీదికి కారిపోతుంది. రాత్రి పడుకునే ముందు కాక, రెండు గంటలు ముందే రాసి ఆరనివ్వండి, లేకపోతే సగం దిండుకే. ఇంట్లో పసిపిల్లలుంటే రాసిన మొహంతో ముద్దాడకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ మందు దానికి విషం.

నాలుగైదు నెలల దగ్గర ఉండి, చాల్లే ఆపేద్దాం అనుకుంటున్న తమ్ముళ్లు ముందు సెలూన్‌కు వెళ్లి కత్తి చప్పుడు వినండి.