గేటు నుంచి పోర్టికో దాకా: కాంక్రీటా, పేవర్లా, బండలా?

ఇల్లు కట్టేటప్పుడు గేటుకీ పోర్టికోకీ మధ్యనున్న జాగా ఎవరికైనా ఆఖర్న గుర్తొస్తుంది. అప్పటికి డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. "మిగిలిన కంకర, సిమెంటు కలిపి పరిచేద్దాం లెండి సార్" అన్నాడు మా మేస్త్రీ. సరే అన్నాను. మాది గుంటూరు పక్క నల్లరేగడి నేల. జాగా 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు. మూడో ఎండాకాలానికి గేటు దగ్గర మొదలైన బీట డ్రైనేజీ ఛాంబర్ దాకా పాకింది. అందులో పది రూపాయల బిళ్ల నిలబెడితే నిలబడింది. వానలు పడ్డాక ఒక ముక్క పైకి లేచింది. కారు లోపలికొచ్చినప్పుడల్లా చక్రం టక్కుమనేది.

తప్పు కాంక్రీటుది కాదు, కింద మట్టిది. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద ఏం పరిచినా అది ఎటు కదిలితే ఇదీ అటే. కాబట్టి అడుగు, అడుగున్నర లోతు రేగడి తీసేసి, గ్రావెల్ పోసి, అరడుగుకో పొరగా తడుపుతూ దిమ్మిస కొట్టించాలి. ఈ ఖర్చు కళ్లకు కనపడదు కాబట్టి ఎవరికీ పెట్టబుద్ధి కాదు. నాకూ కాలేదు. గట్టి మొరం నేలలున్న వాళ్లకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కింద పని సరిగా జరిగిందనుకుందాం. అప్పుడు కాంక్రీటు మంచిదే. మా జాగాకు 5 అంగుళాల మందం అంటే 125 ఘనపుటడుగులు, మూడున్నర ఘనపు మీటర్లు. ఎం20 అనే బలం గ్రేడు కాంక్రీటు కలపాలంటే 28 బస్తాల దాకా సిమెంటు కావాలి. అయితే కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఎక్కడో ఒకచోట చీలి తీరుతుంది. ఆ చీలిక ఎక్కడ రావాలో మనమే చెప్పాలి. అందుకే 8 నుంచి 10 అడుగులకొకటి చొప్పున, మందంలో నాలుగో వంతు లోతున, మర్నాటికల్లా మిషన్‌తో కటింగ్ వేయించాలి. మాకు ఆ కటింగ్ వేయలేదు, అడగాలని నాకూ తెలియదు.

ఇనుము వేశాం కదా, ఇక బీట రాదు అంటారు. వస్తుంది. ఇనుము చేసేది ఆ బీట వెడల్పు కాకుండా పట్టి ఉంచడమే. అదీ కాంక్రీటు మధ్యలో ఉంటేనే. ఇనుమును నేల నుంచి ఎత్తి పట్టే కవర్ బ్లాకులు పెట్టకుండా ఇనుప జాలీని నేల మీద పడేసి పైన మాలు పోస్తే ఆ డబ్బు మట్టిలో పోసినట్టే. ఇక నీళ్లు కొట్టడం. ఇప్పుడు షాపుల్లో దొరికే బస్తాలు ఎక్కువగా పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) రకానివే, వాటికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెడితే నిశ్చింత. మధ్యాహ్నం ఓసారి పైపు పట్టి వెళ్లిపోతే చాలదు.

పేవర్లంటే ఒకదాని పక్కన ఒకటి బిగించి పరిచే కాంక్రీటు బ్లాకులు. వాటి దగ్గర మోసపోయే చోట్లు వేరు. షాపులో ముందు చూపించేది అద్దంలా మెరిసే మూడు రంగుల రకం. అచ్చుల్లో పోసి తీసినవి. వానలో జారతాయి, రెండేళ్లలో ఆ మెరుపూ పోతుంది. ప్రెస్ మిషన్ మీద నొక్కి చేసినవి గరుకుగా, వెలిసినట్టు కనపడతాయి. కారు తిరిగే చోటుకు అవే సరి. బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 తేలికపాటి వాహనాలకు 60 మిల్లీమీటర్ల మందం, ఎం35 గ్రేడు చాలంటుంది. 50 మిల్లీమీటర్లవి నడిచే దారికి. తేడా ఒక సెంటీమీటరే కదా అని తక్కువ ధర వైపు చెయ్యి పోతుంది, పోనివ్వకండి.

వీటిని ఇసుక మీద పరుస్తారు. అంగుళం, అంగుళంన్నర ఇసుక, దాని మీద బ్లాకులు, సందుల్లో సన్న ఇసుక, పైన అదురుతూ అణగ్గొట్టే ప్లేట్ కంపాక్టర్ మిషన్. కొందరు మేస్త్రీలు గట్టిగా ఉంటుందని సిమెంటు మాలు మీద అంటిస్తారు. అలా చేస్తే విప్పి మళ్లీ పరుచుకునే వీలు పోతుంది, పేవర్లు కొన్న ప్రయోజనమే ఉండదు. చుట్టూ అంచు కట్ట కూడా గట్టిగా ఉండాలి. లేకపోతే చక్రం తిప్పినప్పుడల్లా బ్లాకులు పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి. గరిక మొలవడం, చీమలు ఇసుక తోడిపోయడం మాత్రం ఎవరింట్లోనైనా తప్పదు.

వాన నీళ్లు పేవర్ల సందుల్లోంచి ఇంకిపోతాయంటారు గానీ, అది సగం నిజం. దిమ్మిస కొట్టిన గ్రావెల్, దాని కింద రేగడి ఉంటే ఇంకేది అంతంతమాత్రమే. ఏది పరిచినా పది అడుగులకు రెండంగుళాల వాటం ఇచ్చి నీళ్లను ఇంకుడు గుంతకు పంపాల్సిందే.

నా మనసు పేవర్ల వైపు తిప్పింది ఒక పైపు. కాంక్రీటు కింద డ్రైనేజీ పైపు పగిలింది. బ్రేకర్ తెచ్చి రోజంతా కొట్టారు, ఇల్లంతా దుమ్ము. పైపు మార్చడానికి గంట పట్టింది. పూడ్చి సిమెంటు వేసిన చోటు ఇప్పటికీ వేరే రంగులో అతుకులా కనపడుతుంది, దాని అంచు వెంట సన్న గీత మళ్లీ వచ్చింది. అదే పని పేవర్లు పరిచిన తమ్ముడి ఇంట్లో ఎలా చేశారో చూశాను. మొదటి బ్లాకు ఊడటానికే మొరాయించింది. రెండు స్క్రూడ్రైవర్లతో అటూ ఇటూ కదిలించి లేపాక మిగతావి చేత్తోనే వచ్చాయి. పక్కన పేర్చారు, పైపు మార్చారు, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టి, అవే బ్లాకులు అవే చోట్ల పెట్టారు. సాయంత్రానికి కారు లోపల పెట్టుకున్నాడు.

బండల గురించి ఎక్కువ చెప్పను. తాండూరు, బేతంచెర్ల, కడప బండలు సున్నపురాయి జాతి. నడవడానికి, కూర్చోడానికి వాటంత చల్లగా ఏదీ ఉండదు. అంగుళం మందం బండ కింద ఎక్కడైనా బోలుగా ఉంటే మాత్రం కారు చక్రానికి ఫట్‌మంటుంది. మరకలు పోతాయని యాసిడ్ పోస్తే రాయే తినేస్తుంది. మందపాటి గ్రానైట్‌ను మంటతో గరుకు చేయించి వేసుకుంటే బ్రహ్మాండం, డబ్బుంటే. పార్కింగ్ టైల్స్ పోర్టికో నీడలో ఫరవాలేదు, బయట వద్దు.

పాతది పగలగొట్టించి, ఈసారి రేగడి తీయించి, పేవర్లకు ఆర్డర్ ఇవ్వబోతుంటే అమ్మ అడ్డుపడింది. "గళ్ల గళ్లగా ఉంటే ముగ్గెక్కడ పెట్టుకోనురా? గీత గీతకీ తెగిపోతుంది" అంది. చెల్లెలి ఇంట్లో సంక్రాంతికి రథం ముగ్గు వేయబోయి విసిగిపోయిందట. ఆమె మాటలో న్యాయం ఉంది. పైగా గేటు దగ్గర ర్యాంపు మీద బ్రేకు పడే చోట బ్లాకులు కిందికి జారతాయి కూడా. అందుకని ర్యాంపు, గేటు లోపల అయిదడుగులు కాంక్రీటు వేయించాం. ర్యాంపు వరకు చీపురుతో అడ్డగీతలు, లోపల నున్నగా. అక్కడి నుంచి పోర్టికో దాకా, పైపులు, ఛాంబర్లు ఉన్నంత మేరా పేవర్లు. రెండూ కలిసే చోట కాంక్రీటు అంచే బ్లాకులకు కట్టగా పనికొచ్చింది.

అదే రంగు మళ్లీ దొరకదని షాపతను చెబితే 50 బ్లాకులు అదనంగా తీసుకుని మెట్ల పక్కన పేర్చాను. ప్రస్తుతం వాటి మీద అమ్మ మల్లె కుండీలున్నాయి.