బరకమా, చూరా? బయట ఉంచే సైకిల్‌కి ఏది మేలు

మాది రాజోలుకి దిగువన, అంతర్వేది వైపు. ఇంటి దగ్గరికి సముద్రం కనబడదు గానీ, రాత్రి గాలి తిరిగితే హోరు వినబడుతుంది. ఇంట్లో రెండు సైకిళ్ళు. ఒకటి నాన్నగారిది, రాడ్ బ్రేకుల పాత బండి. ఇంకోటి మా అమ్మాయిది, గేర్లది. రెంటికీ లోపల చోటు లేదు. కొత్తది కదా అని అమ్మాయి సైకిల్‌ని పెరట్లో నిలబెట్టి, నీలం బరకం కప్పి, గాలికి లేవకుండా కింద దాకా తాడు చుట్టాను. నాన్నగారిది ఎప్పటిలాగే వంటింటి చూరు కింద, ఏ కప్పూ లేకుండా.

కార్తీకం ముసుర్లూ, ఆ తర్వాత మంచూ అయిపోయి సంక్రాంతికి బరకం విప్పితే చైను ఇటికరంగులో ఉంది. పెడల్ తిప్పబోతే లింకులు వంగనని మొరాయించాయి. స్పోకులు రిమ్ములోకి దిగే చోట, ఒక్కో నిపిల్ చుట్టూ ఎర్రటి ఉంగరం. నాన్నగారి బండి చైను మాత్రం నల్లగా, నూనెతో నిగనిగలాడుతోంది. నిజం చెప్పాలంటే పోటీ సమానం కాదు. ఆ బండికి చైను మొత్తాన్ని మూసే చైన్ కేసు ఉంది. అయినా హ్యాండిలూ రిమ్ములూ కూడా అదే బాగున్నాయి.

తప్పు బరకానిది కాదు, నేను కట్టిన తీరుది. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ కప్పి చూశాను. బరకం లోపలి వైపు అన్నం గిన్నె మూతకి పట్టినట్టు నీటి బొట్లు. మట్టి నేల నుంచి రాత్రంతా లేచిన తేమకి బయటికి దారి లేదు. చల్లబడిన ప్లాస్టిక్‌కి తగిలి నీరై, ఒక్కో బొట్టూ హ్యాండిల్ మీదికి జారుతోంది. అంటే వాన పడని రోజు కూడా సైకిల్ తడుస్తూనే ఉందన్నమాట.

అయితే చూరే మేలా? మా వైపు దానికీ ఒక లోపం ఉంది, ఉప్పు. చూరు కింద ఉన్న రిమ్ము మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. ఆరుబయట ఉన్న బండి మీది ఉప్పుని వాన కాస్తయినా కడిగేస్తుంది. చూరు కింద వాన పడదు కాబట్టి అది అక్కడే పేరుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చేది అందుకే. మన రాత్రుల్లో ఆ తేమ మామూలే. పైగా ఉప్పునీరు మంచినీటి కంటే చాలా తొందరగా ఇనుమును తినేస్తుంది.

కాబట్టి చూరు కింద పెట్టినా వారానికోసారి కడగాలి. బోరు నీళ్ళతో మాత్రం వద్దు. మా దగ్గర బోరులో వచ్చేదే ఉప్పు నీళ్ళు. కాలవ నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో ఒక బకెట్ చాలు. పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండలో ఉంచాలి. ఈ ఓపిక ఉన్నవాళ్ళకి చూరు, నన్నడిగితే, బరకం కంటే నూటికి నూరుపాళ్ళు మేలు. చూరు లేని ఇంట్లో బరకం తప్పదంటే రెండు గుంజల మీద పందిరిలా కట్టండి, సైకిల్‌కి తగలకుండా, నాలుగు వైపులా గాలి ఆడేలా. కింద రెండు ఇటుకలు వేసి చక్రాలు వాటిమీద పెట్టండి. తుఫాను రోజుల్లో ఒళ్ళంతా కప్పక తప్పదు గానీ, ఎండ మొహం కనబడగానే తీసేయాలి. ఖాళీ ఎరువు బస్తా సీటు మీద వేయడం చాలామందికి అలవాటు. పొటాష్ బస్తా మాత్రం వద్దు, అది పొటాషియం క్లోరైడ్, అదీ ఒక రకం ఉప్పే.

ఇక నూనె సంగతి. కోనసీమలో ఉండి కొబ్బరి నూనెని తక్కువ చేయడం నాకూ ఇష్టం లేదు, కానీ చైనుకి అది పనికిరాదు. కొన్నాళ్ళకి జిగురెక్కి దుమ్ము పట్టేస్తుంది. కిరసనాయిలు మురికి వదిలించడానికే, అది ఆరిపోయాక కాపలా ఏమీ ఉండదు. డబ్ల్యూడీ-40 స్ప్రే కొంత నయం. 1953లో తయారైన దాని పేరులోనే ‘నీటిని తోసేసేది’ అని ఉంది, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. తడిసిన చైను మీద కొడితే నీటిని వెళ్ళగొడుతుంది. కానీ మిగిలే పొర పలచన, వానాకాలానికి ఆగదు. బైకులోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ ఊరికే వస్తుంది గానీ, అందులో ఇనుప రజనూ మసీ ఉంటాయి.

నా ఓటు చిక్కటి గేర్ ఆయిల్‌కే. ఒక్కో లింకు కీలులో ఒక చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైపైన తుడిచేయాలి. నూనె కీలు లోపల ఉంటే చాలు. సీటు రాడ్డుకీ, హ్యాండిల్ రాడ్డుకీ గ్రీసు రాయకపోతే లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. రిమ్ముల మీద అప్పటికే చుక్కలుంటే అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి, నీళ్ళలో ముంచి రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన కాబట్టి పూత గీసుకోదు. బ్రేకు రబ్బరు తగిలే చోట మాత్రం ఏ నూనే వద్దు.

అమ్మాయి సైకిల్‌కి కొత్త చైను వేయించి నాన్నగారి బండి పక్కనే చూరు కింద పెట్టాం. దానికి చైన్ కేసు లేదుగా, ప్యాంటుకి నూనె అంటుతోందని గొడవ. నాన్నగారు దండెం మీది బట్టల క్లిప్పు ఒకటి తీసి మనవరాలి చేతిలో పెట్టారు.