సింగ్‌నగర్ మోటారు వైండింగ్ కొట్టు: పని, ధర, నమ్మకం

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మోటారు కాలిపోయిందని ఎవరైనా వచ్చి అడిగితే నేను ఒకే కొట్టుకు పంపిస్తాను. ఫ్లైఓవర్ దిగి లోపలి వీధుల్లోకి వెళ్లాలి. బోర్డు మీద పేరు వరద నీటికి పెచ్చులుగా ఊడిపోయింది, ‘వైండింగ్ వర్క్స్’ అన్న అక్షరాలే మిగిలాయి. కొట్టు యజమాని మళ్లీ రాయించలేదు. ‘వాక్యం కొట్టు’ అని అడగండి, పక్క వీధి పిల్లలు కూడా చూపిస్తారు. లోపల త్రాసు పైన గోడమీద ఎర్ర రంగుతో బైబిలు సామెతల గ్రంథం పదకొండో అధ్యాయంలోని మొదటి వచనం ఉంటుంది: “దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.” ఆ పేరు అలా వచ్చింది.

నాకు చిన్న పిండి మర ఉంది. కారం, పసుపు, బియ్యప్పిండి ఆడతాం. ఐదు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు మీద మా ఇల్లంతా నడుస్తుంది. అది ఆగితే పొయ్యి ఆగినట్టే. అందుకే ఈ కొట్టు గురించి తీరికగా, వివరంగా రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు కట్టలకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ మునిగిన రోజు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ పెరుగుతూ, మరుసటి రోజుకు 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరిన సమయం. ఆరాధనకు తయారవుతున్న ఇళ్లలో నీళ్లు గుమ్మం దాటాయి. తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. నీళ్లు తీశాక ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు చాలామందికి పరుపులకు, బియ్యానికి, గ్యాస్ పొయ్యికి సరిపోయింది. మోటార్లు, ఫ్రిజ్‌లు, గ్రైండర్లు బాగుచేయించుకునే సమయానికి చేతిలో ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే బాగుచేసేవాళ్ల ధరలు పెరిగాయి.

నేను ముందు వెళ్లింది వేరే కొట్టుకు. మూత కూడా విప్పకుండా “మొత్తం కాలిపోయిందమ్మా, కొత్త వైండింగే” అన్నారు. సగం డబ్బు ముందే కట్టమన్నారు. పాత రాగి సంగతి అడిగితే “అది కొట్టుదే” అని తేల్చారు. ఐదు హార్స్‌పవర్ మోటారులో మూడు కిలోల దాకా రాగి ఉంటుంది. కాలిన తీగకైనా పాత సామాన్ల వాళ్లు మంచి ధరే ఇస్తారు. కష్టంలో ఉన్న మనిషి ఆ లెక్క అడగడని వాళ్ల ధీమా. మోటారును అదే ఆటోలో వెనక్కి తెచ్చుకున్నాను. ఆటో అబ్బాయి పేరు మస్తాన్‌వలీ, దర్గా వీధి మనిషి. “అమ్మా, వాక్యం కొట్టుకు తీసుకెళ్లనా? ఆయన మా పాస్టరు కాదు, ఏమీ కాదు. కానీ మా నాన్న గ్రైండరు అక్కడే బాగయింది” అన్నాడు.

కొట్టు లోపల ఇంకా బురద వాసన పోలేదు. గోడమీద నీటి గీత నా తలకంటే ఎత్తున ఉంది. బయట బల్లమీద మోటార్లు వరసగా పెట్టి, ఒక్కొక్కదానికి దారంతో చీటీ కట్టి, ఎవరిది ముందు వస్తే వారిదే ముందు అన్నట్టు ఉంచారు. నా మోటారు మూత విప్పి మొదట చేసిన పని కడగడం. నీళ్లలో మునిగిన మోటారును మళ్లీ నీళ్లతో కడుగుతున్నారేమిటని నాతోపాటు నిలబడ్డ ఒక పెద్దాయన గాభరా పడ్డారు. “బురద ఎండితే తీగల సందులో రాయిలా పట్టేస్తుంది బాబాయ్, అప్పుడు నిజంగానే కాలిపోతుంది. ముందు మంచినీళ్లతో బురద పోవాలి, తరువాత మెల్లగా ఆరాలి” అని చెప్పారాయన. ఆరబెట్టడానికి రేకు పెట్టెలో బల్బులు వెలిగించి మోటార్లను అందులో పెట్టారు. వేడి ఎక్కువైతే తీగ మీది పూత చెడుతుందని మధ్యమధ్య చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు.

ఆరిన తరువాత మెగ్గర్ (తీగ పూత చెడిందో లేదో చూపే మీటరు) పెట్టి చూస్తారు. ఇది ఈ కొట్టులో నాకు బాగా నచ్చిన అలవాటు: మోటారు తెచ్చిన మనిషిని పక్కన నిలబెట్టుకుని, ముల్లు ఎక్కడ ఆగిందో ఆ మనిషి చేతే చదివిస్తారు. తీగకూ మోటారు ఒంటికీ మధ్య నిరోధం కనీసం ఒక మెగోమ్ దాటాలి. ఐదు దాటకపోతే ఆయన తృప్తిపడరు. గాభరా పడ్డ పెద్దాయన మోటారు ఇడ్లీ బండి గ్రైండరుది. దానికి ముల్లు హాయిగా పైకి వెళ్లింది. “వైండింగ్ అవసరం లేదు బాబాయ్, బేరింగులు మార్చి వార్నిష్ పోస్తాను, చాలు” అన్నారు. కొత్త వైండింగ్ వేశానని చెప్పినా ఆ పెద్దాయనకు తెలిసే అవకాశం లేదు. వేలల్లో వచ్చే డబ్బు వందల్లో తేలిపోయింది. నాది మాత్రం ఒక ఫేజులో ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. నా చేతే చదివించారు కాబట్టి నాకు వాదించడానికి ఏమీ మిగల్లేదు.

వైండింగ్ చేసేది ఎక్కువగా ఆయన భార్య. పాత తీగ తీయకముందే ఎన్ని చుట్లు, ఏ గేజి (తీగ మందం) అన్నది బడి పుస్తకంలో రాసుకున్నారు. మోటారు లోపల ముప్పై ఆరు గాళ్లు. ఒక్కో గాడిలో కాగితం మడిచి పెట్టి, చుట్టిన కాయిల్‌ను నాలుగైదు తీగల చొప్పున వేళ్లతో సర్ది లోపలికి దించి, పైన సన్నగా చెక్కిన వెదురు బద్ద తోసి మూస్తారు. ఒక్క తీగ గీసుకుపోయినా మోటారు ఆరు నెలలు నడవదు. ఆవిడ వేళ్ల చివరలు వార్నిష్‌కు నల్లబడి ఉన్నాయి. మాట్లాడుతూ చేసే పని కాదని నన్ను కూడా కాసేపు ఊరుకోమన్నారు. తీగ చుట్టకముందు కొస తీసి బ్లేడుతో గీకి చూపించారు: లోపల ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం. రాగి ధర తీసుకుని అల్యూమినియం చుట్టడం ఆ రోజుల్లో ఎంత జరిగిందో, ఇప్పుడు మోటార్లు కాలుతున్న కొద్దీ బయటపడుతోంది.

అయిపోయాక పాత రాగిని నా ఎదుట త్రాసులో వేశారు. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. “తీసుకెళ్తారా, బిల్లులో తగ్గించమంటారా అక్కా?” అని అడిగారు. నేను తగ్గించమన్నాను. ఆ రోజు ధర ఎంతో పాత సామాన్ల కొట్టుకు నా ముందే ఫోన్ చేసి కనుక్కుని, చీటీ మీద వేరే గీత కింద రాసి తగ్గించారు. గోడమీది వాక్యం అప్పటికి చాలాసార్లు చదివాను. దాని కింద ఉన్న త్రాసులో నా రాగి తూగుతుంటే అది నాకు వేరుగా అర్థమైంది.

ఆయన పరిస్థితి మాకంటే మెరుగైనదేమీ కాదు. షట్టరు పైదాకా నీళ్లు. చుట్టే యంత్రం, వార్నిష్ డబ్బాలు, గాళ్లలో పెట్టే కాగితపు చుట్టలు పోయాయి. రాగి తీగ చుట్టలు పూత గీసుకుపోయి పనికిరాకుండా పోయాయి. అవి వన్‌టౌన్‌లో అప్పు మీద తెచ్చినవి. కూతురు ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన నెల. ఇదంతా ఆయన చెప్పలేదు, ఆవిడ కూడా ఫిర్యాదుగా చెప్పలేదు, అడగ్గా అడగ్గా తెలిసింది. వన్‌టౌన్ షావుకారుకు నీళ్లు తీసిన వారంలోనే వెళ్లి, ఎంత పోయిందో, నెలకు ఎంత ఇవ్వగలరో చెప్పి వచ్చారట. ఆ మాట మీదే ఆయన మళ్లీ సరుకు ఇచ్చారట. పాతికేళ్ల నుంచి ఒక్కసారి కూడా గడువు దాటనివాడు ఎదుటికి వచ్చి నిజం చెబితే ఏ షావుకారైనా వింటాడు.

నేను అక్కడ ఉండగానే ఒకాయన కాస్త గట్టిగానే అడిగారు: “ప్రతి ఆదివారం కొట్టు మూసి గుడికి పోతావు. ఆదివారమే నీ కొట్టు మునిగింది. నీ దేవుడు చూడలేదా?” వైండింగ్ కోసం నిలబడ్డ వాళ్లందరూ ఆగిపోయారు. ఆయన స్పానరు కింద పెట్టి, “అందరి ఇళ్లూ మునిగాయి అన్నా. నా ఒక్కడి ఇల్లే తేలి ఉంటే మీ ముఖం ఎలా చూసేవాణ్ణి?” అన్నారు. ఆ అడిగినాయన కాసేపాగి, “అది కాదు, ఇంత పోయినా నువ్వు ఎలా ఇలా ఉన్నావని” అన్నారు. ఈసారి అడిగిన తీరు వేరు. అప్పుడు మాత్రం ఆయన ప్రభువు గురించి రెండే రెండు మాటలు చెప్పి మళ్లీ పని అందుకున్నారు.

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగే ప్రతివానికీ సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. ఆ పత్రిక అందుకున్నవాళ్లు పొంతు, గలతీయ, కప్పదొకియలలో చెదరిపోయి నిందలు పడుతున్న విశ్వాసులు. మనం ఎక్కువగా ‘సమాధానం చెప్పడం’ దగ్గర ఆగుతాం. మైకులు పెడతాం, కరపత్రాలు పంచుతాం. నాకైతే ‘అడిగే ప్రతివానికి’ అన్నదే బరువుగా తోస్తుంది. ఎదుటివాడు అడగాలి. అడగాలంటే వాడికి మన దగ్గర ఏదో కనిపించాలి. వరద రోజుల్లో మనవాళ్లలో కొందరు ‘ఇది దేవుని తీర్పు’ అని మాట్లాడటం విన్నాను. పరుపు కూడా లేని మనిషి ముందు ఆ మాట అనడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ సమయంలో అన్ని మతాలవాళ్లూ వండి పడవల్లో, ట్రాక్టర్లలో తెచ్చి పెట్టిన అన్నం తిన్నవాళ్లం మనం.

మా అమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచిన చోటు అది. అమ్మకు చదువు రాదు, వాక్యం చెప్పడం రాదు. బాలింతలకు నీళ్లు పోసి, గుడ్డలు ఉతికి, రాత్రంతా కూర్చునేది. ఊరికి వెళ్లిన తరువాత కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చి, “నువ్వు ఎవరిని నమ్ముకున్నావమ్మా?” అని అడిగిన వాళ్లను నేను చూశాను. సింగ్‌నగర్‌లో స్పానరు కింద పెట్టిన మనిషిని చూస్తే నాకు అమ్మే కనిపించింది.

అయితే నచ్చని సంగతులు కూడా ఉన్నాయి, చెప్పాలి. ఒంటరి ఆడవాళ్లు, బండి వాళ్లు వస్తే ఆయన కూలి తీసుకోరు, సామాను ఖర్చే తీసుకుంటారు. వరద నెలల్లో అలాంటి వాళ్లే ఎక్కువ. కూతురు ఫీజు ఆలస్యమై కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ వేళ్ల కష్టం కూడా ఆ కూలిలో ఉంది కదా, దాన్ని వదులుకునే ముందు ఆవిడను అడగాలి కదా అని నేను ఆయనతో నేరుగానే అన్నాను. ఆయన తల వంచుకున్నారు. ఆవిడ మాత్రం, “మేమిద్దరం ముందే అనుకున్నాం అక్కా, పండగ చీర ఒకటి మానుకుంటే సరిపోయింది” అన్నారు. ఆ జవాబుతో నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. ఇప్పుడు నెలకు కొన్ని మోటార్ల వరకే అలా చేస్తున్నారని తెలిసి సంతోషించాను.

కొట్టులో కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లకు కష్టం. పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు, సాయంత్రం ఏడు తరువాత చేస్తేనే దొరుకుతారు. చీటీ మీద రాత అర్థం కాదు, చదివి చెప్పమని అడగండి. ఆదివారం తలుపు తెరవరు, ఎంత బతిమాలినా లాభం లేదు. కాకపోతే శనివారం రాత్రి గ్రైండరు ఆగిపోయిన టిఫిన్ బండి వాళ్లకు తన దగ్గరున్న పాత మోటారు ఒకటి ఇచ్చి పంపిస్తారు, సోమవారం తిరిగి తెచ్చిస్తే చాలు. అద్దె లేదు.

ధర నగరంలో అన్నిటికంటే తక్కువేమీ కాదు. రాగి ధర పెరిగితే ఈయన ధర కూడా పెరుగుతుంది. ఆరు నెలల గ్యారంటీ రాసిస్తారు, దానికి కట్టుబడతారు. మా మరకు బిగించిన కొన్నాళ్లకు ఒకవైపు బేరింగు గొణగడం మొదలుపెట్టింది. చెప్పగానే సైకిలు మీద వచ్చి, కొత్త బేరింగు వేసి, డబ్బు తీసుకోకుండా వెళ్లారు. అప్పటి నుంచి మరో మాట లేకుండా నడుస్తోంది.

వెళ్లేవాళ్లకు ఒకటి రెండు మాటలు. పుల్లీని ఇంట్లో సుత్తితో కొట్టి విప్పకండి, షాఫ్టు వంగుతుంది. లాగే పనిముట్టు ఆయన దగ్గరే ఉంది. మోటారు మీది పేరు రేకును తుడిచి ఫొటో తీసి పెట్టుకోండి, అది పోతే కాయిల్ లెక్క దొరకడం కష్టం. ఆవకాయ కారం ఆడించే ఏప్రిల్, మే నెలల్లో పిండి మరల వాళ్లందరం అక్కడే ఉంటాం కాబట్టి వారం పడుతుంది. మిగతా రోజుల్లో రెండు మూడు రోజుల్లో ఇచ్చేస్తారు.