శాక్రమెంటో లోయలో బాతుల వేటకు ముందు ఒక చుట్టు: ఏ చిత్తడి మంచిది, ఎక్కడ పడుకోవాలి

ముందుగా ఒక మాట. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, అంటే వన్యప్రాణుల అభయారణ్యం, శాక్రమెంటో ఊళ్లో ఉండదు. ఐ-5 హైవే పట్టుకుని ఉత్తరానికి గంటకు పైగా పోతే, విల్లోస్ అనే చిన్న ఊరికి కాస్త ఇవతల వస్తుంది. మా బావమరిది ఈ ఏడే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కల వేటకు అనుమతి ఉన్న ప్రభుత్వ భూములన్నీ ఓసారి చూసొద్దామని నవంబర్‌లో ఇద్దరం బయల్దేరాం. తుపాకులు ఇంట్లోనే వదిలేశాం. కారు ఎక్కడ ఆపాలి, ఎంత నడవాలి, నీళ్ల కింద నేల గట్టిగా ఉందా, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఇవి తెలుసుకోవడమే పని. ఇక్కడివాళ్లు దీన్నే స్కౌటింగ్ అంటారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించాక మన దేశంలో సరదా వేటకు తావు లేదు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఇదంతా కొత్త. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా లాయర్ని అడక్కుండా షాపుకి వెళ్లకండి. ఫ్రెండు దగ్గర తుపాకీ అరువు తీసుకుందాం అని కూడా అనుకోవద్దు, అది కూడా లెక్కలోకే వస్తుంది.

లైసెన్సుతో పాటు బాతులకు రాష్ట్రం వాలిడేషన్ (లైసెన్సుకి అదనపు అనుమతి), వలస పక్షుల వేట లెక్కల కోసం హిప్ సర్వే వాలిడేషన్, 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ కావాలి. ఆ స్టాంప్ 1934 నుంచి ఉంది. దాని మీద వచ్చే డబ్బులో దాదాపు అంతా చిత్తడి నేలలు కొనడానికీ కాపాడటానికీ పోతుంది. అది జేబులో ఉంటే రెఫ్యూజ్‌లో ఎంట్రీ ఫీజు కూడా కట్టక్కర్లేదు.

ఆ లోయలోకి దిగగానే నాకు ఆకివీడు వైపు వచ్చినట్టే అనిపించింది. రెండు పక్కలా కోసేసిన వరి పొలాలు, వాటి నిండా నీళ్లు, మధ్యలో గట్లు. కోతలయ్యాక గడ్డి తగలబెట్టడాన్ని తగ్గిస్తూ 1991లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. దాంతో రైతులు పొలాల్లో నీళ్లు పెట్టి దుబ్బుల్ని కుళ్లబెట్టడం మొదలుపెట్టారు. ఆ నీళ్లలో రాలిన గింజల కోసం ఉత్తరం నుంచి బాతులు దిగుతాయి. మన కొల్లేరుకి చలికాలం వచ్చే సూదితోక బాతు, గరిటెముక్కు బాతు ఇక్కడా ఉన్నాయి. జాతి అదే, దారి వేరు.

శాక్రమెంటో రెఫ్యూజ్ 1937లో పెట్టారు. దాదాపు 10,800 ఎకరాలు. కార్లోనే తిరుగుతూ చూసే ఆరు మైళ్ల ఆటో టూర్ రోడ్డు ఉంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల తప్ప కారు దిగకూడదు. మనిషిని చూస్తే లేచిపోతాయి గానీ కారుని పట్టించుకోవు. అద్దం దించి కూర్చుంటే పది గజాల దూరంలో టీల్ బాతులు తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి మేస్తున్నాయి. వెనకాల స్నో గూస్‌లు వేలల్లో. ఎక్కడో గద్ద కనిపించినట్టుంది, మొత్తం ఒక్కసారి లేచాయి. ఆ గోలకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

మావాడు బైనాక్యులర్ దించి, "బావా, ఇన్నుంటే గురి కూడా చూడక్కర్లేదు" అన్నాడు.

"అవి ఎక్కడున్నాయో బోర్డు మీద చూడరా" అన్నాను. ఆటో టూర్ ఉన్నదంతా వేట నిషేధించిన భాగం. తుపాకీ శబ్దాలు మొదలైన వారానికే బాతులకి ఆ హద్దు మనకన్నా బాగా తెలిసిపోతుంది. పగలంతా అక్కడ గుమిగూడి, చీకటి పడ్డాక పొలాలకు మేతకు పోతాయి. వేట మాత్రం సూర్యాస్తమయంతోనే ఆపేయాలి. అందుకే అక్కడ కనిపించిన బాతుల లెక్కతో రెఫ్యూజ్‌ని ఎంచుకుంటే డబ్బులూ నిద్రా రెండూ పోతాయి. చూడాల్సింది, పొద్దు వాలేటప్పుడు అవి ఏ దిక్కుకి లేస్తున్నాయి, ఆ దారిలో వేటకు వదిలిన చెరువులు ఏవి అని. గాలి, వాన ఉన్న రోజుల్లో పగలు కూడా కదులుతాయి. ఎండగా, గాలి లేకుండా ఉన్న శనివారం ఎంత మంచి చెరువు దొరికినా ఆకాశం చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇక్కడ వేట శని, ఆది, బుధవారాల్లో మాత్రమే. లోపలికి పోవాలంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆన్‌లైన్ డ్రాలో రిజర్వేషన్ రావాలి. ఒక రిజర్వేషన్ మీద ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లొచ్చు, పిల్లలు అదనం. డ్రాలో రానివాళ్లకి రిజర్వేషన్ల తర్వాత మిగిలిన చోట్లు ఇస్తారు. ఆ క్యూని స్వెట్ లైన్, అంటే చెమట వరస, అంటారు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. కొత్తవాళ్లు మధ్యాహ్నం వెళ్లడం మేలని నా లెక్క. పొద్దున వేటాడినవాళ్లు వెళ్లిపోతుంటే ఆ ఖాళీలు వెనక వచ్చినవాళ్లకి ఇస్తారు. పక్షులు తగ్గుతాయి గానీ చీకట్లో తెలియని గట్ల మీద తడుముకునే టెన్షన్ ఉండదు.

అసలు సమాచారమంతా చెక్ స్టేషన్ దగ్గరే దొరుకుతుంది. గోడ మీద పెద్ద మ్యాప్, ప్రతి చెరువుకీ నంబరు. బయటికి వచ్చే ప్రతి వేటగాడూ ఏం కొట్టాడో చెప్పి పర్మిట్ తిరిగివ్వాలి కాబట్టి, మనిషికి సగటున ఎన్ని పడ్డాయో లెక్క బయటికి వస్తుంది. ఎంత బైనాక్యులర్ పట్టుకు తిరిగినా ఆ సగటుని మించిన స్కౌటింగ్ లేదు. ఒక్క వారం అంకె చూసి మోసపోకుండా సీజన్ పొడుగునా చూడాలి.

మేం వెళ్లింది వేట రోజు మధ్యాహ్నం. ఒక పెద్దాయన పికప్ వెనక తలుపు దించి తన బాతుల్ని వరసగా పరిచాడు. ఒక టీల్ రెక్క విప్పి చూపించాడు. బూడిదరంగు ఈకల మధ్య చిన్న పచ్చటి పట్టీ, వేలితో అటూ ఇటూ తిప్పితే మెరిసింది. రోజుకి మొత్తం ఏడు బాతులు, అందులో ఆడ మల్లార్డ్ రెండు మించకూడదు. సూదితోకల పరిమితి ఏళ్లని బట్టి మారుతుంది. అందుకే ఎగిరేటప్పుడే ఆడదో మగదో, ఏ జాతో పోల్చుకోవాలి. ఆయన చెప్పిన ఇంకో మాట మావాడు ఫోన్‌లో రాసుకున్నాడు: నీళ్లు మోకాలి దాకే, బురద మాత్రం ఆ కింద ఇంకో మోకాలు. చేతికర్ర లేకుండా దిగొద్దన్నాడు. వేటకి లోపలికి ఇరవై అయిదు తూటాలకు మించి తీసుకెళ్లకూడదు, సీసం గుళ్లు అసలే కుదరవు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకైనా సీసం నిషేధమే.

డెలెవన్ రెఫ్యూజ్ మాక్స్‌వెల్ ఊరి పక్కన ఉంటుంది. పేరున్న బ్లైండ్లు, అంటే వేటగాళ్లు దాక్కుని కూర్చునే మరుగులు, అక్కడున్నాయి, అందుకే డ్రాలో పోటీ ఎక్కువ. కొలుసా చిన్నది. ఊరు దగ్గర, మూడు మైళ్ల ఆటో టూర్, గట్లు నడవడానికి తేలిక. మోకాళ్ల నొప్పులున్న నాకు అదే నచ్చింది. సట్టర్ రెఫ్యూజ్ వరద కాలువ లాంటి బైపాస్‌లో ఉంది. నది పొంగితే మూసేస్తారు, అందుకని దాన్ని నమ్ముకుని సెలవు పెట్టడం అనవసరం.

గ్రిడ్లీ దగ్గర గ్రే లాడ్జ్ వేరే లోకం. 1931లో ఒక ప్రైవేటు గన్ క్లబ్ భూమిని రాష్ట్రం కొని మొదలుపెట్టింది. ఇప్పుడు 9,000 ఎకరాల పైమాటే. వెనక సట్టర్ బ్యూట్స్ అనే చిన్న అగ్నిపర్వతపు గుట్టలు, వాటిని చూసి ఎటున్నామో చెప్పేయొచ్చు. పార్కింగ్‌లు చాలా ఉన్నాయి, తుంగ పొదల్లోకి పెద్దగా నడవకుండానే చేరొచ్చు. వచ్చేవాళ్లు కూడా ఎక్కువే. పక్క చెరువులో కూర్చున్నవాడు అందని ఎత్తులో పోతున్న గుంపు మీద కాల్చి చెదరగొడితే చేయగలిగిందేమీ లేదు. అయినా మొదటి ఏడాదికి నా ఓటు దీనికే. ప్రైవేటు వరి పొలాల్లో సీజన్‌కి బ్లైండ్ అద్దె వేల డాలర్లు అడుగుతారు. ఒకసారి కూడా బాతుని కొట్టనివాడికి ఆ ఖర్చు దండగ.

చిన్న వేట సంగతి. నెమలి కోళ్లు, అదే ఫెజంట్లు, రెఫ్యూజ్‌లలోనే నవంబర్ రెండో శనివారం మొదలవుతాయి. కుందేళ్లకీ పూరేడు పిట్టలకీ మాత్రం స్టోనీఫోర్డ్ మీదుగా మెండొసీనో నేషనల్ ఫారెస్ట్‌కి పోయాం. డ్రా లేదు, చెక్ స్టేషన్ లేదు, అడిగేవాడూ లేడు. కుందేళ్లకి మామూలు లైసెన్సు చాలు. కాటన్‌టెయిల్స్ రోజుకి అయిదు, జాక్‌రాబిట్‌కి ఏడాదంతా సీజనే. పూరేళ్లకి అప్‌లాండ్ (మెట్ట నేల పక్షుల) వాలిడేషన్ తీసుకోవాలి. వాటి నెత్తి మీద కామాలా ముందుకి వంగిన ఈక ఉంటుంది, అవి పొదల్లోంచి పరుగెత్తుతాయే గానీ ఓ పట్టాన లేవవు. 2020లో ఆగస్ట్ కాంప్లెక్స్ మంటల్లో ఈ అడవి చాలా భాగం కాలిపోయింది. ఆ మంటలు మొత్తం పది లక్షల ఎకరాలు దాటాయి. కొన్ని రోడ్లకి ఇప్పటికీ గేట్లు వేసి ఉండొచ్చు, ముందే రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. సిగ్నల్ ఉండదు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. పాయిజన్ ఓక్ ఆకు తగిలితే వారం దురద. ఇద్దరికి తక్కువగా ఇక్కడికి రాకూడదు.

బస విషయానికి వస్తే, విల్లోస్‌లో హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. పేరు అనవసరం. గది తలుపు వెనక "పక్షుల్ని గదిలో శుభ్రం చేయరాదు, తడి వేడర్లు బాత్‌టబ్‌లో వేలాడదీయరాదు" అని కాగితం అంటించారు. వేడర్లంటే నీళ్లలో దిగడానికి వేసుకునే రబ్బరు ప్యాంట్లు. హీటర్ మాత్రం రాత్రంతా దగ్గుతూనే ఉంది, గదిలో పాత సిగరెట్ కంపు. గది మార్చమంటే సీజన్‌లో ఖాళీల్లేవన్నారు. నిజమే, పార్కింగ్ నిండా పడవలు లాక్కొచ్చిన పికప్‌లే. తెల్లారుజామున మూడుకి అందరి ఇంజన్లూ ఒకేసారి మొదలవుతాయి, కాబట్టి పై అంతస్తు అడగండి. మర్నాడు కొలుసాలో నది ఒడ్డున ఉన్న స్టేట్ క్యాంప్‌గ్రౌండ్ చూశాం. శుభ్రంగా ఉంది, నడిచి ఊళ్లోకి పోవచ్చు. రాత్రి చలి, తెల్లారితే టూలీ ఫాగ్ అనే దట్టమైన మంచు. స్లీపింగ్ బ్యాగ్ మంచిదైతే డబ్బుకి ఇదే నయం. కుటుంబంతో వస్తే యూబా సిటీలో దిగండి. హోటళ్లు ఎక్కువ, గ్రే లాడ్జ్‌కీ దగ్గరే.

తిండికి కూడా యూబా సిటీనే గెలిచింది. అక్కడ పంజాబీలు వందేళ్లకి పైగా ఉన్నారు, పీచు తోటలూ వాళ్లవే ఎక్కువ. టియెర్రా బ్యూనా రోడ్డు గురుద్వారాలో లంగర్‌లో కూర్చుని వేడి రొట్టె, పప్పు తిన్నాం. నవంబర్ మొదటి ఆదివారం నగర కీర్తనకి వేలాది మంది వస్తారు. ఆ వారాంతం గదులు దొరకవని గుర్తుంచుకోండి. ఐ-5 వైపు అయితే విలియమ్స్‌లో గ్రాంజెలాస్‌లో శాండ్‌విచ్, ఆలివ్‌లు బాగుంటాయి. కారం సంగతి మర్చిపోండి, పచ్చడి సీసా వెంట ఉంచుకోండి.

ఈకలు పీకి, కడిగి, ప్యాక్ చేసి ఇచ్చేవాళ్లు ఆ ఊళ్లలో ఉన్నారు. పక్షికింత అని తీసుకుంటారు. ఒకచోట అడిగితే ధర బయట బోర్డు మీద ఒకటి, కౌంటర్ దగ్గర ఇంకొకటి. అది ఎలాగున్నా రెండు నియమాలు మాత్రం మీరే చూసుకోవాలి. ఇంటికి చేరేదాకా బాతుకి ఈకలున్న ఒక రెక్క గానీ తల గానీ ఉండాలి, లేకపోతే దారిలో వార్డెన్ ఆపినప్పుడు జాతి చెప్పలేరు. షాపులో వదిలేసేటప్పుడు మీ పేరు, చిరునామా, సంతకం, కొట్టిన తేదీ, ఎన్ని, ఏ జాతి అని ట్యాగ్ కట్టాలి.

డ్రాకి మావాడు జనవరి బుధవారాలే పెట్టాడు. శనివారాల మీద అందరి కన్నూ ఉంటుంది, సీజన్ చివర్లో చలికి ఉత్తరం నుంచి కొత్త గుంపులు కూడా దిగుతాయి. మొదటి ఎంపిక గ్రే లాడ్జ్, తర్వాత కొలుసా, ఆఖర్న డెలెవన్. రాకపోతే మధ్యాహ్నం ఖాళీల కోసం కొలుసా చెక్ స్టేషన్ దగ్గర నిలబడతాం. ఆఫీసులో సెలవు మాత్రం ఇప్పుడే అడిగేశాడు.