లాగోస్‌లో డీజిల్ బిల్లు

నైజీరియాలోని లాగోస్‌లో గది తీసుకునేటప్పుడు జనరేటర్ ఎన్ని గంటలు నడుపుతారో కాగితం మీద రాయించుకోండి. విక్టోరియా ఐలాండ్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో 24 గంటలూ కరెంటు ఉంటుందని చెప్పి, రాత్రికి 95,000 నైరాలు ముందే కట్టించుకున్నారు. అంటే అయిదు వేల రూపాయల పైమాటే. పన్నెండు దాటగానే జనరేటర్ ఆపేశారు. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. మా ఆవిడ తెల్లవార్లూ టవల్‌తో విసురుకుంటూ కూర్చుంది. పొద్దున్న అడగబోతే, డీజిల్ రేటు పెరిగిందంటూ ఇంకో 20,000 కలిపి బిల్లు చేతిలో పెట్టారు. కరెంటు ఇవ్వని రాత్రికి డీజిల్ డబ్బులేమిటి? అరగంట వాదిస్తే సగం తగ్గించారు. ఆ మిగతా సగం కట్టిన కోపం నాకింకా తగ్గలేదు.

1956లోనే ఒలోయిబిరిలో చమురు పడిన దేశం ఇది. 1971 నుంచి చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో ఉంది. జనం ఇరవై కోట్లకు పైనే. ప్రభుత్వ రిఫైనరీలు మూలనపడటంతో ఏళ్ల తరబడి ముడి చమురు అమ్మి, పెట్రోలు, డీజిల్ బయట కొనుక్కున్నారు. 2023లో పెట్రోలు సబ్సిడీ ఎత్తేశారు, నైరా విలువ కూడా పడిపోయింది. రోజుకు 6,50,000 బ్యారెళ్ల సామర్థ్యమున్న డాంగోటే రిఫైనరీ 2024లో మొదలైనా, చిన్న కొట్ల ముందు సైతం జనరేటర్లు దడదడలాడుతూనే ఉన్నాయి. మా టాక్సీ డ్రైవరు పెట్రోలు కొనలేక, ఇంట్లో జనరేటర్‌ని పిల్లల పరీక్షలప్పుడే తీస్తాడట. అది విన్నాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

లాగోస్‌లోనే లెక్కీ అడవిలో 401 మీటర్ల వేలాడే వంతెన బాగుంది, పొద్దున్నే వెళ్లండి.

మనసు నిండింది మాత్రం అబెయోకుటాలో. ఆ ఊరి మీదుగా వెళ్లే లాగోస్–ఇబాదాన్ రైలు చల్లగా, శుభ్రంగా ఉంది, టైముకే కదిలింది. యుద్ధాలప్పుడు ఎగ్బా ప్రజలు తలదాచుకున్న ఒలుమో కొండ ఎక్కాం. దిగి, పెండలం ఉడికించి రోట్లో దంచిన ముద్ద తిన్నాం, మన సంకటిలా చేత్తోనే. పక్కన ఎగుసి గింజల కూర. ప్లేటు 3,500 నైరాలు. వడ్డించినావిడ అడగకుండానే రెండోసారి కూర వేసింది, డబ్బులిస్తే తీసుకోలేదు. శాకాహారులు ముందే అడగాలి, ఏ కూరలోనైనా ఎండు చేపో రొయ్యపొడో ఉంటుంది. నీలిమందు అద్దిన ఆదిరె బట్టలు బేరమాడి కొని, మా ఆవిడ రైల్లో మళ్లీ నవ్వింది.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.