బాదువాన్‌జిన్‌తో ఎనిమిదేళ్ళు: నాకు కుదిరిన చిగోంగ్

మెడ పట్టేసి తల తిప్పలేకపోవడం, రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా మంచం మీద దొర్లడం. 2016లో షాంఘైలో ఉన్నప్పుడు నా పరిస్థితి ఇదీ. మా ఆయన ఉద్యోగం కోసం వెళ్ళాం, ఇల్లు ఫూషింగ్ పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. పొద్దున్నే ఆ పెద్ద చెట్ల కింద ఒక గుంపు తైచీ చేస్తుంటే ఇంకో గుంపు జంటలుగా డాన్సు చేసేది. ఒక మూల పదిమంది పెద్దవాళ్ళు చిన్న స్పీకరు పెట్టుకుని, చేతులు మెల్లగా పైకెత్తి మెల్లగా దించేవారు. రెండు వారాలు బెంచీ మీద కూర్చుని చూశాను. మూడో వారం ఒక పెద్దావిడ వచ్చి, నా చెయ్యి పట్టుకుని వరుస చివర నిలబెట్టింది. అందరూ ఆమెను ఆయీ అనేవారు, మన పిన్ని లాంటి పిలుపు. నేనూ అలాగే పిలిచాను.

వాళ్ళు చేసేది బాదువాన్‌జిన్. ఊపిరితో పాటు మెల్లగా కదిలే చైనా వ్యాయామాలను చిగోంగ్ అంటారు, అందులో ఎనిమిది కదలికలున్న ఒక రకం ఇది. బా అంటే ఎనిమిది, దువాన్ అంటే ముక్క, జిన్ అంటే జరీ పట్టు. చైనాను పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఏలిన సోంగ్ రాజుల కాలం నాటి రాతల్లోనే ఈ పేరు ఉంది. 2003లో చైనా క్రీడల శాఖ నాలుగు చిగోంగ్ పద్ధతులను ఒక క్రమంలో పెట్టి ప్రచారంలోకి తెచ్చింది, అందులో ఇదొకటి. మొత్తం పన్నెండు నిమిషాలు. చాప అక్కర్లేదు, పడుకోవడం, కూర్చోవడం లేదు, చీరతో కూడా చేసుకోవచ్చు. 2018లో చాంగ్‌షా నగరంలోని హునాన్ మ్యూజియంలో, మావాంగ్‌దుయ్ అనే చోట పాత సమాధిలో దొరికిన, పట్టుబట్ట మీది వ్యాయామాల బొమ్మను తిరిగి గీసిన ప్రతి చూశాను. ఆ సమాధి క్రీస్తుపూర్వం 168 నాటిది. నలభై నాలుగు మంది, ఆడా మగా, ముసలీ పడుచూ, వంగుతూ చేతులు చాపుతూ కనిపిస్తారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కదలికలు నేర్చుకోవడం కష్టం కాదు, రెండు వారాల్లో వరుస వచ్చేసింది. అసలు విషయం పట్టుబడడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ఆయీకి ఇంగ్లీషు రాదు, నాకు చైనీసు అంతంతమాత్రం. రోజూ నా భుజం మీద చెయ్యి వేసి "ఫాంగ్‌సోంగ్, ఫాంగ్‌సోంగ్" అనేది. వదులు చెయ్యమని. నేను వదులుగానే ఉన్నాననుకునేదాన్ని. ఒకరోజు నా మణికట్టు కింద రెండు వేళ్ళు పెట్టి చెయ్యి పైకెత్తి, వేళ్ళు తీసేసింది. నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది, నేనే దాన్ని మోస్తున్నానన్నమాట. తర్వాత తన చెయ్యి నాకిచ్చింది. నేను వేళ్ళు తియ్యగానే తడిబట్టలా కిందపడింది. నా మెడనొప్పికి కారణం అప్పుడు తెలిసింది. కూర్చున్నా, వంట చేస్తున్నా, నిద్రలో కూడా నేను భుజాలు బిగపట్టుకునే ఉంటున్నాను.

నాకు ఎక్కువ మేలు చేసింది నాలుగో కదలిక. చేతులు పక్కలకు వదిలి, అరచేతులు బయటికి తిప్పుతూ తల పక్కకు తిప్పి వెనక్కి చూడాలి. ఛాతీ తెరుచుకుంటుంది, వీపులో రెక్క ఎముకలు దగ్గరవుతాయి. ఐదు అలసటలు, ఏడు దెబ్బలు పోవడానికి అని దీని చైనా పేరులోనే ఉంటుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు ఇదొక్కటి చేసినా చాలు. రెండోది విల్లు ఎక్కుపెట్టడం, పిల్లలకి బాగా నచ్చుతుంది. మొదటిది, ఆకాశాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టడం, చూడడానికి తాడాసనంలా ఉంటుంది. ఆసనంలో ఆగుతాం, ఇందులో కదలిక ఊపిరితో పాటు సాగుతుంటుంది.

ఐదో కదలికతో జాగ్రత్త. కాళ్ళు ఎడంగా పెట్టి, గుర్రం మీద కూర్చున్నట్టు దిగి, నడుమూ తలా పక్కకు ఊపుతూ తిప్పాలి. రెండో ఏడాది నేను మరీ కిందికి దిగి కుడి మోకాలు నొప్పి తెచ్చుకున్నాను, నెలన్నర కుంటుతూ నడిచాను. ఆయీ తన కాళ్ళు చూపించింది. ఆమె దిగేది జానెడే! అప్పటినుంచి నేనూ అంతే. ఎనిమిదోది మడమలెత్తి ఏడుసార్లు దించడం. ఎముకలు గుల్లబారినవాళ్ళు, నడుములో డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు మడమలు నేలకు కొట్టకుండా మెత్తగా దించుకోవాలి.

ఇక ఫలితం. మూడో నెల నుంచి నిద్ర మెరుగైంది. ఇప్పటికీ ఒక్కోసారి రెండింటికి మెలకువ వస్తుంది, కానీ భుజాలు వదిలేసి పడుకుంటే మళ్ళీ నిద్ర పట్టేస్తుంది. మెడ ఏడాదిలో బాగుపడింది. టెన్షన్ వచ్చినప్పుడు పళ్ళు బిగపట్టడం నాకు వెంటనే తెలుస్తోంది, అది పెద్ద మార్పు. బరువు తగ్గలేదు. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉన్నాను, దాన్ని మార్చేది డాక్టరే. విశాఖ తిరిగొచ్చాక ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఒక క్లాసులో చేరితే, ఇరవై ఒక్క రోజుల్లో షుగర్ మాత్రలు మానేయించేస్తాం అన్నారు. ఆ మాట విని నమ్మి ఎవరైనా మందులు ఆపేస్తే ఏమవుతుందో తలుచుకుంటే నాకు కోపం, భయం రెండూ వచ్చాయి. రెండో రోజే మానేశాను, డబ్బు తిరిగి రాలేదు. ఇలాంటి మాట ఎవరన్నా చెబితే అక్కడ నేర్చుకోకండి.

వీడియో చూసి నేర్చుకోవచ్చు, కాకపోతే పక్కన ఒక మనిషి ఉండాలి. మన భుజాలు బిగుసుకున్నాయని వీడియో చెప్పలేదు. మొదటి నెల ఒకటి, రెండు, నాలుగు మాత్రమే చేయండి. ఊపిరిని లెక్కపెట్టి బలవంతంగా కలపకండి, అది తర్వాత అదే కలుస్తుంది.

ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకు మా డాబా మీద నేను, అమ్మ. అమ్మకి డెబ్బై నాలుగు. మొదటి నాలుగూ కుర్చీలో కూర్చుని చేస్తుంది, ఎనిమిదోది పిట్టగోడ పట్టుకుని. మొన్న ఆమె మణికట్టు కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి వదిలాను. చెయ్యి జారి ఒళ్ళో పడింది. నాకు నాలుగు నెలలు పట్టినది అమ్మకి మూడు వారాల్లో వచ్చేసింది.