రొయ్యల కూర: హనఫీ తీర్పా, షాఫియీ తీర్పా, ఏది మేలు?

హైదరాబాద్‌లో ముస్లింలు రొయ్యలు తినొచ్చా అని అడిగితే ఒక్కో బస్తీలో ఒక్కో జవాబు వస్తుంది. హనఫీ, షాఫియీ అనేవి సున్నీ ముస్లింలు పాటించే రెండు మజ్‌హబ్‌లు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు. ఇక్కడి పాత హనఫీ మదర్సా జామియా నిజామియా, రొయ్యలు మక్రూహ్ తహ్రీమీ అని 2018 మొదట్లో ఫత్వా (మతపరమైన తీర్పు) ఇచ్చింది. అంటే దాదాపు హరాం అన్నంత గట్టి మాట. అదే ఊళ్లో బార్కస్‌కు వెళ్తే, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు కనిపిస్తారు. వారి షాఫియీ మజ్‌హబ్‌లో రొయ్యలు హలాల్.

షాఫియీల ఆధారం సూటిగా ఉంటుంది. సముద్రపు వేట, దాని ఆహారం మీకు హలాల్ అని ఖురాన్‌లో మాయిదా సూరా (అధ్యాయం) 96వ ఆయత్ (వాక్యం) చెబుతోంది. సముద్రంలో చచ్చినది కూడా హలాలే అని హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖనం) ఉంది. అయితే పీత దగ్గర షాఫియీ పండితుల్లోనూ చాలామంది ఆగిపోతారు, అది నీళ్లలోనూ నేల మీదా బతుకుతుంది కనుక.

హనఫీలు ‘రెండు మృతజీవాలు (జబహ్ చేయకుండా చచ్చినవి) హలాల్: చేప, మిడత’ అన్న హదీసును పట్టుకుంటారు. నీటి జీవాల్లో చేప ఒక్కటే చెల్లుతుందంటారు. మరి రొయ్య చేపేనా? పాత అరబీ నిఘంటుకారులు చేపల్లోనే లెక్కేశారు. వెన్నెముక లేదు కాబట్టి కాదంటుంది జీవశాస్త్రం. అందుకే హనఫీల్లోనే చీలిక వచ్చింది. దేవ్‌బంద్ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ రొయ్యల్ని హలాల్ అన్నారు. బరేలీకి చెందిన అహ్మద్ రజా ఖాన్ మానుకోవడమే మంచిదన్నారు.

నాకు షాఫియీల వాదమే బలంగా అనిపిస్తుంది. ఆయత్‌లో మాట అంత విశాలంగా ఉన్నప్పుడు దాన్ని కుదించాలంటే చాలా గట్టి కారణం కావాలి. అలాగని నిజామియా ఫత్వాను పాటించే ఇంట్లో రొయ్యలు తెచ్చి వాదన పెట్టడం తప్పు. ఆ జాగ్రత్త దైవభీతితో వచ్చింది. రొయ్యలు తిన్నవాళ్ల ఈమాన్‌ను (విశ్వాసాన్ని) శంకించడం కూడా అంతే తప్పు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇంట్లో వండుకోవడానికి ఎవరి మజ్‌హబ్ వారిది. దావత్‌కు మాత్రం చేపే మేలు, ఎవరికీ టెన్షన్ ఉండదు. అందులోనూ బతికున్న కొర్రమీను కొనండి. తనంతట తానే చచ్చి నీటిపై తేలిన చేపను హనఫీలు తినరు. రొయ్యలు కూడా పెట్టాలనుకుంటే గిన్నె, గరిటె వేరుగా ఉంచి, వడ్డించే ముందే అందరికీ చెప్పండి.